పన్నెండు పక్కన పదమూడు

రొమోకె చేటలో బొబ్బర్లు ఏరుతోంది. రాయీ పుచ్చు గింజా ఒక పక్కకి, మంచి గింజ ఒక పక్కకి. చేతికి అలవాటైన పని కనుక కళ్ళు చేటలో లేవు, సందు మొదట్లో ఉన్నాయి. తెల్లారి చాలాసేపయినా, ఎడారి నుంచి వచ్చే దుమ్ముగాలికి ఇబాదాన్ ఊరంతా పిండి జల్లినట్టుంది. ఎదురింటి రేకుల కప్పే సరిగ్గా కనబడటం లేదు. టాక్సీ ఏదైనా సందులోకి తిరిగితే ముందు దీపాలు కనబడుతున్నాయి, ఆ తరవాత బండి. ఇప్పటికి మూడు తిరిగాయి. మూడింటిలో ఒక్కటీ ఆమె మొగుడు లసిసిది కాదు.

పక్క గదిలో ఉండే ఫవ్సా తల్లి పళ్ళపుల్ల నములుకుంటూ వచ్చి చేటలోకి తొంగి చూసింది.

"ఇద్దరికి సరిపడా ఏరుతున్నావే."

"నిన్నా ఇవాళా ఇక్కడే కదా ఆయన."

"నిన్న వచ్చాడా మరి?"

రొమోకె చేట ఎత్తి గింజల్ని ఒకసారి చెరిగింది. "బండికి ఏదో రిపేరొచ్చిందట."

"ఆ బండికి ఎప్పుడు రిపేరొచ్చినా నీ వంతు రోజే వస్తుంది. చిన్నదాని వంతు రోజు గుర్రంలా నడుస్తుంది. తెలివైన బండి." ఫవ్సా తల్లి పుల్ల పక్కకి తీసి ఉమ్మి, నవ్వింది. ఆ నవ్వులో విషం లేదు. తన మొగుడికైతే ముగ్గురు పెళ్ళాలు.

రొమోకె కూడా కొంచెం నవ్వింది. గింజలు గిన్నెలో పోసి, నీళ్ళు పోసి, మూత పెట్టింది. సగం తీసి డబ్బాలో పోసేద్దామా అని ఒక్క క్షణం ఆగింది. తియ్యలేదు. గదికి తాళం వేసి, తల గుడ్డ కొసతో ముక్కూ నోరూ కప్పుకుని పనికి బయలుదేరింది.

మెకానిక్కుల పేట ఊరి చివర, పాత రైలు పట్టాల అవతల ఉంది. అక్కడ ఒకడు ఇంజన్లు విప్పుతాడు, ఒకడు రేకులు సాపు చేస్తాడు, ఒకడు రంగు కొడతాడు. రొమోకె సీట్లు కుడుతుంది. ముఫుతావు షెడ్డు వెనక రేకు పందిరి కింద ఆమె మిషను, తోలు చుట్టలు, మైనం రాసిన దారం ఉండలు. పేటలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదట్లో అందరూ చూసి పోయేవాళ్ళు, ఇప్పుడు ఎవరూ చూడరు.

ఆ రోజు ముఫుతావు షెడ్డులో ముఖం ఊడదీసిన బండి ఒకటి నిలబడి ఉంది. ముందు బంపరు లేదు, జాలీ లేదు, దీపాలున్న చోట రెండు గుంటలు. పక్కన అట్టపెట్టెలో కొత్త ముఖం సిద్ధంగా ఉంది.

"పన్నెండు," అన్నాడు ముఫుతావు, ఆమె అడక్కముందే. "ఎల్లుండి సాయంత్రానికి పదమూడు అయిపోవాలి."

ఆ జపాన్ బండి పేరు పేటలో ఎవరూ పలకరు. ఏ సంవత్సరానిది అన్నదే దాని పేరు. పన్నెండు అంటే మూసిన నోరు. పదమూడు అంటే పెద్ద నోరు, ముందు జాలీ ఏదో మింగబోతున్నట్టు కిందదాకా తెరుచుకుని ఉంటుంది. లోపల ఇంజను అదే, చక్రాలు అవే, ఎత్తూ పొడుగూ అవే. అయినా పెళ్ళిలో పన్నెండులోంచి దిగినవాడికి ఒక రకం కుర్చీ వేస్తారు, పదమూడులోంచి దిగినవాడికి ఇంకో రకం కుర్చీ.

"ఎవరిదన్నా?"

"అల్హాజీ బుసారి ఇంటిది." ముఫుతావు గొంతు తగ్గించాడు. "ఆయన ఇద్దరు పెళ్ళాలకీ చెరో బండి తెప్పించాడు. చిన్నావిడది అసలు పదమూడు, కిందటి వారమే ఇంటికి చేరింది. ఇది పెద్దావిడది. రేవులో దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది, ఇంటి గుమ్మం ఇంకా చూడలేదు. రెండూ పక్కపక్కన నిలబెడితే ఒక కడుపున పుట్టినట్టు ఉండాలి. ఇంటివాళ్ళ మాట అది."

"పెద్దావిడకి తెలుసా?"

"ఇదిగో చూడు రొమోకె, అద్దం కింద నంబరు పలకలో పదో అక్షరం చూస్తే ఏ సంవత్సరానిదో ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ ఆడవాళ్ళు బండెక్కేది అక్షరాలు లెక్కపెట్టడానికి కాదు. నువ్వు సీట్లు కుట్టు. నోరు మాత్రం కుట్టేసుకో."

ఒక డాక్టరుగారి పదమూడు తలుపుకి సొట్ట పడి షెడ్డుకి వచ్చి ఉంది. మచ్చు కోసం రొమోకె దాంట్లో కూర్చుంది. కళ్ళు మూసుకుని సీటు అంచుల వెంట వేళ్ళు పోనిచ్చింది. పదమూడుకి అతుకు మీద జంట కుట్టు, రెండు చీమల బారులు పక్కపక్కన నడిచినట్టు. తరవాత వెళ్ళి పన్నెండులో కూర్చుంది. అక్కడ ఒకే బారు. తోలు ఒకటే, మెత్తదనం ఒకటే. ఒక్క బారు తేడా.

ఆ పెద్దావిడని, అల్హాజా మోదినాత్‌ని, ఆమె ఇదివరకే చూసింది. హజ్‌కి వెళ్ళి వచ్చిన మనిషి, సిమెంటు కొట్టు నడుపుతుంది. బస్తాల మధ్య చెక్క కుర్చీ వేసుకుని, కనుబొమల మీద తెల్లటి పొడితో, కూలీలు దింపుతుంటే వేలితో గాలిలో గీతలు గీస్తూ లెక్క చూసుకుంటుంది. ఒక వానరోజు చూరు కింద నిలబడ్డ రొమోకెని లోపలికి పిలిచి బస్తా మీద కూర్చోమంది. ఏమీ మాట్లాడలేదు. వాన తగ్గాక, "వెళ్ళిరా" అంది. అంతే.

రొమోకె బ్లేడు తీసి పన్నెండు సీటు అతుకులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. పాత దారం కోసి లాగుతుంటే చిన్న చిన్న ముక్కలై ఒడిలో పడుతోంది. ముందు సీట్లు రెండూ ఆ సాయంత్రానికి విప్పింది. ఇంటికి వెళ్ళేసరికి నానబోసిన బొబ్బర్లు ఉబ్బి మూతను కొంచెం పైకి లేపాయి. పొట్టు తీసి, రుబ్బి, వడలు వేసి, నాలుగు తిని, తక్కినవి ఫవ్సాకి ఇచ్చింది.

లసిసి గురువారం సాయంత్రం వచ్చాడు. వంతు ప్రకారం ఆ రోజు ఆమెది కాదు. చేతిలో రెండు ప్లాస్టిక్ సంచులున్నాయి. రెంటిలోనూ కమలాపళ్ళు, రెంటిలోనూ ఒక సబ్బు, ఒక పాలపొడి డబ్బా. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ తక్కెడలా ఒకసారి పైకీ కిందకీ ఆడించి, ఎడమ చేతి సంచి ఆమెకిచ్చాడు.

"తేడా చెయ్యను నేను. దానికెంతో నీకూ అంతే."

"కూర్చో. అమలా పెడతాను."

కూర్చున్నాడు కానీ చెప్పులు విడవలేదు. ఇంకో సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆమె వేడివేడి అమలా ముద్దా ఆకుకూర పులుసూ ముందు పెడితే నాలుగు ముద్దలు గబగబా మింగాడు. ఏదో ఒకటి మాట్లాడాలని రొమోకె రెండు బళ్ళ సంగతి చెప్పింది. ముఖం మార్చడం, జంట కుట్టు, పెద్దావిడ, చిన్నావిడ.

లసిసి వేళ్ళు నాక్కుంటూ నవ్వాడు. "అల్హాజీ అంటే అల్హాజీయే. ఇద్దరి నోళ్ళూ మూయించాడు."

"ఒకామెకి పాతది ఇచ్చి."

"ఒక్క సంవత్సరం. దాంట్లో పాతేమిటి, కొత్తేమిటి? అయినా ఆవిడకి తెలియనప్పుడు ఆవిడకి వచ్చిన నష్టం ఏమిటి చెప్పు?"

రొమోకె పళ్ళెం పక్కకి జరిపింది. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోసింది. అతను తడి చేతులు విదిలించి లేచాడు.

"మళ్ళీ ఎప్పుడు?"

"వస్తాలే. గేరుబాక్సు చూపించుకోవాలి."

సందులో టాక్సీ స్టార్టయింది. గేరు ఏ చప్పుడూ లేకుండా పడింది. రొమోకె చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. సంచిలోంచి పళ్ళు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఎన్ని ఉన్నాయో చూడలేదు. సరిగ్గా సమానంగానే ఉంటాయని ఆమెకు తెలుసు.

శుక్రవారం నమాజు వేళకి పేట ఖాళీ అయింది. సుత్తుల మోత ఆగిపోయేసరికి దూరంగా రోడ్డు మీద బస్సుల హారన్లు వినబడుతున్నాయి. ముఫుతావు కాళ్ళు కడుక్కుని మసీదుకి వెళ్ళాడు. అప్పటికే బండికి కొత్త ముఖం బిగించేశాడు. ఆ పెద్ద నోరు రొమోకె పందిరి వైపే తిరిగి ఉంది.

సీట్లన్నీ అయ్యాయి. డ్రైవరు తలుపుకి లోపలి వైపు, చెయ్యి ఆనించుకునే దిండు ఒక్కటి మిగిలింది. రొమోకె దాన్ని ఒళ్ళో పెట్టుకుని మొదటి బారు కుట్టింది. మిషను వద్దనుకుని చేత్తోనే, వంకర సూదితో. మొదటి బారు అయ్యాక దారం మైనం మీద లాగి, రెండో బారుకి సూది ఆనించి, ఆగింది.

తలుపు వేసుకుని బండి నడిపే మనిషి చెయ్యి రోజంతా ఉండేది ఇక్కడే. సీటు అతుకు ఎవరూ తడిమి చూడరు. దీన్ని తడమకుండా ఎవరూ ఉండలేరు. ఆ ఇంట్లో ఇంకో బండి ఉంది. కొట్టుకి తనే బండి నడుపుకుని పోయే పెద్దావిడ ఏదో ఒకరోజు అందులోనూ కూర్చుంటుంది. అక్కడ రెండు బారులు తగులుతాయి, ఇక్కడ ఒకటి. సిమెంటు బస్తాలని గాలిలో వేలితో లెక్కపెట్టే మనిషికి ఒకటికీ రెంటికీ తేడా తెలియకపోదు.

ముఫుతావుకి తెలిస్తే రేపటి నుంచి ఈ పందిరి ఉండదు. అది కూడా ఆలోచించింది. ఆలోచించి, దారం కొరికి తెంపింది.

నమాజు నుంచి వచ్చి ముఫుతావు దిండు తలుపుకి బిగించాడు, సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు, వెనక్కి నాలుగడుగులు నడిచి చూసుకున్నాడు. "కన్నతల్లి కూడా గుర్తుపట్టదు," అన్నాడు. సాయంత్రం డ్రైవరొచ్చి బండి తీసుకుపోయాడు.

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

"ఏం చేశావు నువ్వు?" ముఫుతావు గొంతు అదోలా ఉంది. "పెద్దావిడ నిన్ను ఇంటికి రమ్మంటోంది. తలుపు దగ్గర ఏదో కుట్టు తక్కువైందట. నన్ను కాదు, నిన్నే రమ్మంది. సూదీ దారం పట్టుకెళ్ళు. అడిగినదానికే జవాబు చెప్పు."

ఆ ఇల్లు ఎత్తు గోడల వెనక ఉంది. లోపల గచ్చు మీద రెండు బళ్ళూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. రెండూ నల్లవే. రెండు పెద్ద నోళ్ళూ గేటు వైపే తెరుచుకుని ఉన్నాయి. గేటు మనిషి లోపలికి కబురు చేశాడు. అల్హాజా మోదినాత్ మెట్లు దిగి వచ్చింది. మధ్యాహ్నం ఏదో శుభకార్యానికి వెళ్ళాలి కాబోలు, నీలం జరీ బట్ట కట్టుకుని, తల గుడ్డ ఇంకా చుట్టుకోకుండా భుజాన వేసుకుంది. నెరిసిన జడలు సన్నగా నెత్తికి అంటుకుని ఉన్నాయి. రొమోకె మోకాళ్ళ మీద వంగి దండం పెట్టింది.

"లే, లే. బండెక్కు. ఆ పక్కన కూర్చో."

ఇద్దరూ కూర్చున్నాక అల్హాజా తలుపులు వేసేసింది. బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. కొత్త తోలు వాసన.

"ఇక్కడ ఒక బారే ఉంది," ఆమె మోచెయ్యి కదపకుండా అంది. "దానిలో రెండున్నాయి. మరిచిపోయావా?"

దారిలో వందసార్లు తయారు చేసుకున్న అబద్ధాన్ని రొమోకె పక్కన పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మరిచిపోలేదమ్మా."

అల్హాజా తల తిప్పింది.

"మీకు తెలియాలని వదిలేశాను. ఇది పదమూడు కాదమ్మా, పన్నెండు. ముఖం మార్చారు. సీట్లు నేనే మార్చాను. ఆ బండి అసలుది, ఇది కాదు. అల్హాజీ మిమ్మల్ని..." మోసం అన్న మాట అనలేకపోయింది. "మీకు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరనిపించింది."

అల్హాజా ముందు అద్దంలోంచి గేటు వైపు చూసింది. అద్దం మీద అప్పుడే సన్నగా దుమ్ము పేరుకుంటోంది.

"అమ్మాయ్, ముప్ఫై ఏళ్ళుగా సరుకు దింపించుకుంటున్నాను. పదో అక్షరం చదవలేననుకున్నావా?"

రొమోకెకి అర్థం కాలేదు.

"ఆయన ఏమీ దాచలేదు. రెండు వారాల కిందట ఒక పొద్దున గంజి తాగుతూ, రెండు కాగితాలు బల్ల మీద పెట్టి, పన్నెండు నీది, పదమూడు కుబురాత్‌ది అన్నాడు. అని, చక్కెర ఇటు జరుపు అన్నాడు." ఆమె గొంతులో కోపం లేదు, బస్తాల లెక్క చెబుతున్నట్టే ఉంది. "జరిపాను."

"మరి ముఖం..."

"ముఫుతావుని పిలిచింది నేను. నా పేరు ఎవరికీ చెప్పొద్దన్నాను. నా కోడళ్ళు వస్తారు, ఆడపడుచులు వస్తారు. ఈ గచ్చు మీద రెండూ పక్కపక్కన కనబడతాయి. కోటి మందికి ఏం చెప్పుకోను? ఇంటికి వచ్చాక ఆయన చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు." భుజాన ఉన్న తల గుడ్డ సర్దుకుంది. "దాచి ఉంటే బాగుండేది. నేను బాధపడతానని అనుకున్నవాడైతే దాచేవాడు."

రొమోకె తల వంచుకుంది. క్షమించమని అడగాలనిపించింది, దేనికని అడగాలో తెలియలేదు.

"ఆ రెండో బారు కుట్టేసి వెళ్ళు," అంది అల్హాజా తలుపు తీస్తూ. "ఆ కుబురాత్ పిల్లకి పని లేదు. రోజంతా చూస్తూ ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు చెయ్యి పెడుతుంది."

ఆమె లోపలికి వెళ్ళింది. ముందు గది కిటికీ జాలీ వెనక నీలం బట్ట ఒకసారి కదిలి, అక్కడే ఆగింది.

రొమోకె తలుపు బార్లా తెరిచి, గచ్చు మీద గొంతుక్కూర్చుని సూదికి దారం ఎక్కించింది. దిండు ఊడదీయకుండానే కుట్టాలి, చోటు ఇరుకు. వంకర సూది లోపలికి పోయి వేలికి అందేలోపు రెండుసార్లు గుచ్చుకుంది. మొదటి బారుకి ఎంత దూరమో గోటితో కొలుచుకుంటూ ఒక్కొక్క కుట్టే వేసింది. తన చేత్తో వదిలినదాన్ని తన చేత్తోనే పూడుస్తోంది. ఇంత నిదానంగా ఆమె ఏనాడూ కుట్టలేదు.

సగం అయ్యేసరికి గ్లాసుడు నీళ్ళు ఆమె పక్కన గచ్చు మీదికి వచ్చాయి. తల ఎత్తితే ఒక చిన్నావిడ నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, ఇంటి గౌను మీద శాలువా కప్పుకుంది. కాళ్ళకి చెప్పులు లేవు.

"తాగక్కా. దుమ్ముకి గొంతు పట్టేస్తుంది."

"దేవుడు చల్లగా చూడాలమ్మా."

కుబురాత్ వెళ్ళలేదు. ఈ బండి మీద ఒక చెయ్యి, ఆ బండి మీద ఒక చెయ్యి వేసి మధ్యలో నిలబడింది. "దారం ఊడిందా?"

"కొంచెం."

"కవలల్లా లేవూ? ముందు పుట్టిన తైవో ఏది, వెనక పుట్టిన కెహిందే ఏది? మనలో వెనక పుట్టినదే కదా పెద్దది. మావాళ్ళింట్లో కవలలున్నారు, ఇదే తగువు ఎప్పుడూ." తనలో తను నవ్వుకుంది. ఇంకొకరు నవ్వుతారేమోనని ఆగింది. తరవాత ఇంటి వైపు ఒకసారి చూసి, వంగి, గొంతు తగ్గించింది. "అక్కా, నీకు బళ్ళ సంగతి తెలుసు కదా. నిజం చెప్పు. రెండూ ఒకే సంవత్సరానివేనా?"

సూది తోలులో సగం దిగి ఉంది. కిటికీ జాలీ వెనక నీలం బట్ట కదలలేదు.

రొమోకె సూదిని అవతలి నుంచి పట్టి లాగింది. దారం సర్రున పూర్తిగా వచ్చింది.

"రెండూ పదమూడే," అంది. "ఇటు చూడు. దీనికీ జంట కుట్టే."

కుబురాత్ వంగి చూసింది. వేలు పెట్టి రెండు బారులూ తడిమింది. తన బండి తలుపు తీసి దాన్నీ తడిమింది. తలుపు మెల్లగా వేసింది.

"అలాగా."

శాలువా అంచు వేళ్ళకి చుట్టుకుంది.

"నాది ఒక సంవత్సరం కొత్తది అన్నాడాయన. పెద్దావిడకి చెప్పకు అన్నాడు." ఆమె రొమోకె వైపు చూడటం లేదు. "ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. నాకొక్కదానికే చెప్పిన మాట అదొక్కటే."

రొమోకె చేతిలో సూది అలాగే ఉంది. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. ముడి వేయాల్సిన దారం కొస గాలికి ఊగుతోంది.

లోపల, ఆ కిటికీ వెనకే, కుర్చీ జరిగిన చప్పుడైంది. అల్హాజా మోదినాత్ గుమ్మంలోకి వచ్చింది. తల గుడ్డ చుట్టుకుని ఉంది, ఎత్తుగా, మడతలన్నీ సరిగ్గా నిలబడి. చేతిలో చిన్న సంచీ. కుబురాత్ శాలువా సర్దుకుని మోకాళ్ళు వంచింది. రొమోకె దారం తెంపి, తలుపు ఇంకా బార్లా తెరిచి, ఆమె ఎక్కడానికి చోటిచ్చి పక్కకి జరిగింది. డ్రైవరు ఎక్కడి నుంచో పరుగెత్తుకుంటూ వచ్చి తాళంచెవి చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు.

అల్హాజా మెట్లు దిగింది. రెండు బళ్ళ మధ్య సందులోంచి, దేనికీ బట్ట తగలకుండా కొంచెం దగ్గరికి లాక్కుని నడిచింది. కుబురాత్ దగ్గర ఒక్క క్షణం ఆగి, వంగి ఉన్న ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, తీసేసింది. గేటు మనిషి బండి కోసమని రెండు రెక్కలూ తెరిచాడు. ఆమె ఏ బండీ ఎక్కకుండా, ఆ పెద్ద గేటులోంచి ఒక్కతే నడిచి, దుమ్ములోకి వెళ్ళిపోయింది.